జంపఖానా మీద ఇంజను

మామునూరు దాటంగనే సీటు కింద నుంచి పొగ.
పదకొండు మంది పోరగాళ్లను
టిఫిను డబ్బలతోటి రోడ్డు పక్కన నిలవెట్టి
సారంగం సీటు లేపి చూసిండట.
నీళ్లు చుక్క లేవు.
మూడు పిస్టన్లూ మాట్లాడుకున్నట్టు
ఒక్కపారే బిగుసుకున్నయి.

మెకానిక్కు నలభై రెండు వేలన్నడు.
"లిఫ్టు మీద ఎక్కియ్యాలె అక్కా, ఊకెనే అయితదా?"

కొత్తవాడల మా ఇంట్ల లిఫ్టేడిది?
మగ్గం గుంత ఉన్నది.
మొన్నటి వానకు గోడ కూలిన కొట్టంల
మామ నలభై ఏండ్లు కాళ్లు వెట్టి కూసున్న గుంత.
అండ్ల నుంచి కోడిపిల్లల గంప తీసినం.
తేలొకటి ఎల్లింది, పోనిచ్చినం.
ఓమ్నీని నెట్టుకొచ్చి దాని మీద ఆపినం.
సారంగం దిగిండు.
నడుము దాక గుంతల, నెత్తి బండి కింద.
మామ గీడనే కింద చూడకుంటనే తొక్కేటోడు,
ఈయన మీద చూసుకుంట విప్పుతున్నడు.

నా పని టార్చిలైటు. నా పని లెక్క.
పోగు తప్పితే బట్ట తప్పుతదని
మా అమ్మ కొట్టి నేర్పింది.
అట్టముక్క మీద బండి బొమ్మ గీసి
ఏడి బోల్టు ఆడ గుచ్చిన.
సైలెన్సరుయి మూడు.
గేరు రాడ్లకు పచ్చదారం,
యాక్సిలరేటరు వైరుకు పసుపు,
నీళ్ల పైపులకు ఎర్రది, రెండు ముళ్లు.
"బతుకమ్మ పేరుస్తున్నవా?" అని కింద నుంచి నవ్విండు.
మొకం మీద నూనె పడ్డంక నవ్వలే.

ఆర్టీసీ డిపోల ముప్ఫయేండ్లు చేసిన మొగిలయ్య
కుర్చేసుకొని కూసున్నడు.
చేతులు వణుకుతయి, నోరు వణకది:
"ఇంజన్ను లేపుడేందిరా పిచ్చోడా.
ఇంజన్ను కింద వెట్టు. బండిని లేపు."

గంతే.

గుంత మీద పలకలు,
పలకల మీద జంపఖానా.
మచ్చ పడ్డదని సొసైటోళ్లు వాపసిచ్చింది,
మామ చేతిది, ఆఖరుది.
జాకీ మీద ఇంచు ఇంచుకు దించితే
బర్రె పండుకున్నట్టు
ఒక దిక్కు ఒరిగి కూసున్నది ఇంజను.

ఇగ ఖాజా వచ్చిండు, వీరన్న వచ్చిండు,
ఎదురింటి కొంరెల్లి, వాని ఇద్దరు బామ్మర్దులు,
బీడీల చాట పక్కకు వెట్టి లచ్చవ్వ సుత.
బంపరు పట్టుకున్నరు గని
ఏ దేవుని పేరు చెప్పి లేపాలెనో తేలలే.
ఒకల మొకం ఒకలు చూసిండ్రు.
మొగిలయ్యే అన్నడు: "రైట్, రైట్!"
బండి లేచింది.
నేను కొసలు వట్టి గుంజిన.
నీలి గీతల మీద నల్ల తొవ్వ గీసుకుంట
ఇంజను ఎలుతురుకొచ్చింది.

కొత్తదంటే కొత్తది కాదు.
అండర్ బ్రిడ్జి కాడి పాత సామాన్ల దుకాణంల పద్దెనిమిది వేలు.
ఏ బండిదో, ఎవలు తోలిండ్రో,
ఎందుకు అమ్ముకున్నరో.
వచ్చిన తొవ్వనే దాన్ని లోపటికి గుంజినం.
మల్ల "రైట్ రైట్", మల్ల జాకీ,
రెండో దినం రాత్రి పదిన్నర.

తాళం తిప్పితే టక్కు.
మల్ల తిప్పితే, టక్కు.
సారంగం స్టీరింగుకు నొసలు ఆనిచ్చిండు.
మొగిలయ్య కుర్చీ జరుపుకున్నడు, ఏమనలే.
పద్దెనిమిది వేలు నా పుస్తెల కాడ తిరుగుతున్నయి.

నేను అట్ట దిక్కు చూసిన.
నల్లదారం కట్టిన బోల్టొకటి అట్ట మీదనే ఉన్నది.
"గీదేడిది?"
గుంతలకెల్లి జరసేపు సప్పుడు లేదు.
"ఎర్తు వైరుది," అన్నడు మెల్లగ.

బిగిచ్చినంక దగ్గింది, ఇంకోపారి దగ్గింది,
కొట్టం నిండ తెల్లపొగ,
కోడిపిల్లలు లచ్చవ్వ చాట మీదికెల్లి ఉరికినయి.
మగ్గం బందైనంక
గా కొట్టంల గంత చప్పుడు ఇదే.

ఆర్సీల నంబరొకటి, ఇంజను మీద నంబరొకటి.
దానికోసం ఆఫీసుల చుట్టు తిరుగుడు ఇంక ఉన్నది.
పాత ఇంజను గుంత పక్కన ఉన్నది,
కిలోల లెక్కన అడిగిపోయిండొకడు.

జంపఖానాను మూడుపార్లు ఉతికిన. పోలే.
సొసైటోళ్లు చూపెట్టిన మచ్చ ఏదో,
ఇంజను మచ్చ ఏదో, ఇగ నాకే తెల్వది.
సోమవారం పొద్దుగాల మడతవెట్టి
పిల్లలు కూసునే పలక మీద ఏసిన.